ఒక అర్జీ, ఒక దుప్పి – హెల్మెట్టు చరిత్ర



ప్రత్యేక సంచికకు చరిత్ర విషయం ఏదైనా రాయమని మన కార్యదర్శి గారు కోరినప్పుడు ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ భవనం గురించి రాద్దామనుకున్నాను. తార్నాకలో నలభై ఏళ్ళకు పైగా ఉంటున్నవాణ్ణి, యూనివర్సిటీ రోడ్ల మీద రోజూ పొద్దున నడిచేవాణ్ణి కనుక అది నాకు సులువైన పని. పాత కాగితాల కోసం ట్రంకుపెట్టె తెరిస్తే 1986 నాటి కార్బన్ కాపీ ఒకటి చేతికి వచ్చింది. అది నేను డ్రాఫ్టు చేసి, నేనే టైపు కొట్టిన అర్జీ. అది చదివిన తరువాత ఆర్ట్స్ కాలేజీ సంగతి మరో సంచికకు వాయిదా వేశాను. ఈ వ్యాసం హెల్మెట్టు చరిత్ర. అందులో నా పాత్ర కూడా కొంత ఉన్నది. దాన్ని దాచకుండా రాస్తున్నాను.

అర్జీ

ఆ రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. చేతక్ స్కూటరు బుక్ చేసి ఏళ్ళ తరబడి ఎదురుచూసిన కాలం. ఆఫీసులో స్కూటరు అడ్వాన్సుకు దరఖాస్తు పెట్టుకోవడం, అది మంజూరైతే సెక్షనంతటికీ మిఠాయి పంచడం, తరువాత నెలనెలా జీతంలో కోత పడడం. ముందు పిల్లవాణ్ణి నిలబెట్టుకుని, వెనక భార్యను, ఆమె ఒడిలో పసిపాపను కూర్చోబెట్టుకుని సినిమాకు పోయేవాళ్ళం. తలమీద ఎవరికీ ఏమీ ఉండేది కాదు.

ఆంధ్రప్రదేశ్ మోటారు వాహనాల నియమాలు, 1964లో 498-ఎ అనే నియమం చేర్చి, ద్విచక్ర వాహనం నడిపేవారు హెల్మెట్టు పెట్టుకోవాలని ప్రభుత్వం చెప్పింది. 1986లో హైదరాబాదు పోలీసు కమిషనరు దీన్ని జంటనగరాల్లో అమలు చేస్తూ నోటిఫికేషను ఇచ్చారు. ఆఫీసులన్నిటా గగ్గోలు పుట్టింది. మా సెక్షనులో నాకన్నా ఆరేళ్ళు పెద్దవారైన యు.డి.సి. ఒకాయన ఉండేవారు. నేను 'అన్నా' అనే పిలిచేవాణ్ణి. ఆయనకు అప్పుడే రాజ్‌దూత్ మోటారుసైకిలు కొత్తగా వచ్చింది. "తమ్మీ, నీ డ్రాఫ్టింగు బాగుంటది. గట్టిగా ఒక అర్జీ రాయి. సంతకాలు నేను పెట్టిస్తా" అన్నారు.

రాశాను. మొదటి పేరాలో ఎండ గురించి, రెండో పేరాలో హారను వినపడదన్న భయం గురించి, చిరుద్యోగి ఖర్చుల గురించి రాశాను. మూడో పేరా రాసినప్పుడు నాకు గర్వం కలిగింది. మేము పొద్దున ఆఫీసుకు పోయి సాయంత్రం ఇంటికి చేరే సంసారులమని, పందేలు వేసే కుర్రాళ్ళం కామని, నెమ్మదిగా, జాగ్రత్తగా నడిపేవాళ్ళకు ఈ నిర్బంధం అనవసరమని అందులో వివరించాను. రెమింగ్టన్ మిషను మీద మూడు కార్బన్ కాపీలు తీశాను. అన్న తొలి సంతకం చేశారు, నేను రెండోది. అర్జీకి జవాబు రాలేదు.

నోటిఫికేషన్‌ను ప్రశ్నిస్తూ ఒక పౌరుడు వేసిన కేసు మాత్రం సుప్రీంకోర్టు దాకా పోయింది. హెల్మెట్టు నిర్బంధం దేశంలో స్వేచ్ఛగా తిరిగే హక్కుకు భంగమన్నది ఆ వాదన. 1988లో సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చి, మన రాష్ట్రపు 498-ఎ నియమం చెల్లుతుందని తీర్పు చెప్పింది. న్యాయశాస్త్రంలో అజయ్ కాను కేసు అని చెప్పుకునేది ఇదే. దేశమంతటికీ దారి చూపిన ఈ తీర్పు మన హైదరాబాదు రోడ్ల మీద పుట్టిందన్న సంగతి చాలామందికి తెలియదు. ఆ తరువాత వచ్చిన మోటారు వాహనాల చట్టం, 1988 లోని 129వ సెక్షను నడిపేవారితో పాటు వెనక కూర్చున్నవారికి కూడా హెల్మెట్టు ఉండాలన్నది. ఆ చట్టం 1989 జులై 1 నుంచి అమలులోకి వచ్చింది.

లారెన్సు తల, కెయిర్న్స్ లెక్క

ఈ నియమం ఎవరో పోలీసు అధికారి బుర్రలో పుట్టింది కాదు. దాని మూలం వెతుక్కుంటూ పోతే ఇంగ్లండులో ఒక ఆసుపత్రి మంచం దగ్గర తేలతాము.

'లారెన్స్ ఆఫ్ అరేబియా' సినిమా మనలో చాలామంది చూసినదే. మొదటి ప్రపంచ యుద్ధంలో ఎడారిలో తుపాకీ గుండ్ల మధ్య తిరిగి బతికి బయటపడ్డ టి.ఇ. లారెన్సు 1935 మే 13న ఇంగ్లండులో తన ఇంటి దగ్గరి రోడ్డు మీద మోటారుసైకిలు నుంచి పడిపోయాడు. సైకిళ్ళ మీద పోతున్న ఇద్దరు కుర్రాళ్ళు ఉన్నట్టుండి ఎదురైతే, వాళ్ళను తప్పించబోయి పడ్డాడు. తలకు హెల్మెట్టు లేదు. స్పృహ రాకుండానే ఆరు రోజులకు, మే 19న చనిపోయాడు. ఆయనను చూసిన వైద్యులలో హ్యూ కెయిర్న్స్ అనే మెదడు శస్త్రచికిత్స నిపుణుడు ఒకడు. అంతటి మనిషి అంత చిన్న ప్రమాదంలో పోవడం ఆ డాక్టరును కదిలించింది.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. వీధి దీపాలు ఆర్పేసిన చీకట్లో సైన్యం వార్తాహరులు మోటారుసైకిళ్ళ మీద తిరుగుతూ పడి చనిపోతున్నారు. కెయిర్న్స్ లెక్కలు తీశాడు. యుద్ధం మొదలైన 21 నెలల్లో బ్రిటనులో 2,279 మంది మోటారుసైకిలు నడిపేవారు, వెనక కూర్చున్నవారు చనిపోయారు. తలకు తగిలిన దెబ్బలే ప్రధాన కారణం. ఆయన దగ్గరకు వచ్చిన కేసుల్లో హెల్మెట్టుతో పడ్డవారు ఏడుగురే దొరికారు. ఆ ఏడుగురూ బతికారు. ఈ సంగతులు 1941లో వైద్య పత్రికలో ప్రచురించాడు. అదే సంవత్సరం నవంబరులో బ్రిటిషు సైన్యం తన మోటారుసైకిలు జవాన్లకు హెల్మెట్టు తప్పనిసరి చేసింది. మరణాలు తగ్గుతూ వచ్చిన తీరును కెయిర్న్స్ యుద్ధం తరువాత మళ్ళీ లెక్క వేసి చూపించాడు.

సైన్యం నుంచి ఇది పౌరులకు చేరడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం 1961లో మోటారుసైకిలు మీద పోయే అందరికీ హెల్మెట్టు తప్పనిసరి చేసి ప్రపంచానికి దారి చూపింది. కెయిర్న్స్ కూడా ఆస్ట్రేలియాలో పుట్టినవాడే. ఆయన పనిచేసిన బ్రిటనులో మాత్రం ఆ చట్టం 1973 గాని రాలేదు. అప్పటికి ఆయన చనిపోయి ఇరవై ఏళ్ళు దాటింది.

హెల్మెట్టు తయారీ కూడా ఈలోగా మారింది. పైన గట్టి డిప్ప, లోపల నలిగిపోయే పొర ఉండే పద్ధతికి అమెరికాలో 1953లో పేటెంటు వచ్చింది. ఇప్పుడు ఆ లోపలి పొర మనం పెళ్ళి మండపాల అలంకరణలో చూసే థర్మోకోల్ జాతి పదార్థమే. పడినప్పుడు తల ఠక్కున ఆగిపోతుంది గాని లోపల మెదడు ఆగదు. అది పోయి పుర్రె ఎముకకు కొట్టుకుంటుంది. నలిగే పొర తాను నలుగుతూ ఆ ఆగడాన్ని కాస్త నెమ్మది చేస్తుంది. అందుకే ఒకసారి గట్టిగా దెబ్బ తిన్న హెల్మెట్టు పైకి బాగానే కనిపించినా మళ్ళీ వాడకూడదు. నలగవలసింది నలిగిపోయింది, దాని పని అయిపోయింది.

దుప్పి

ఇక దాచనని చెప్పిన విషయానికి వస్తాను. ఇది రాసేముందు వదిన గారి దగ్గరకు పోయి అనుమతి అడిగాను. "రాయండి మరిది గారూ, నలుగురికి పనికొస్తుంది. పేరు మాత్రం వేయకండి" అన్నారు.

1989 సంక్రాంతి సెలవుల్లో అన్న, నేను శ్రీశైలం పోయాం. ఆయన రాజ్‌దూత్ మీద, నేను నా చేతక్ మీద. చాంద్రాయణగుట్ట దాటేవరకు ఇద్దరికీ హెల్మెట్లు ఉన్నాయి. దాటగానే అన్న బండి ఆపి, "ఇంక పోలీసులు లేరు, తీసెయ్ తమ్మీ" అన్నారు. ఆయన తనది బండి వెనక క్యారియరుకు కట్టుకున్నారు. నేను కూడా తీసేశాను. కల్వకుర్తి, డిండి, మన్ననూరు మీదుగా నల్లమల ఎక్కాం. దర్శనం బాగా జరిగింది.

తిరుగు ప్రయాణంలో వటవర్లపల్లి దాటేసరికి పొద్దు గూకింది. వేగం నలభై దాటి ఉండదు. ముందు అన్న, కొంత దూరంలో వెనక నేను. ఎడమ పక్క పొదల్లోంచి చుక్కల దుప్పి ఒకటి రోడ్డు దాటింది. అన్న బ్రేకు వేశారు. అది దాటిపోయింది కదా అని మళ్ళీ బండి అందుకున్నారు. అంతలో రెండోది దూకింది. నేరుగా బండి ముందు చక్రం మీద పడింది. బండి ఒక పక్క, మనిషి ఒక పక్క. దుప్పి లేచి నిలబడి, ఒక్క క్షణం మా వైపు చూసి, అడవిలోకి పోయింది.

అన్న ఒంటి మీద పెద్ద గాయాలు లేవు. తల రోడ్డుకు తగిలింది, అంతే. లారీ ఒకటి ఆపి అచ్చంపేటకు, అక్కణ్ణుంచి హైదరాబాదుకు తీసుకొచ్చాం. మూడో రోజు పోయారు. క్యారియరుకు కట్టిన హెల్మెట్టుకు గీత కూడా పడలేదు.

ఫ్యామిలీ పెన్షను కాగితాలు నేనే సిద్ధం చేశాను. సర్వీసులో ఉండగా పోయారు కనుక మొదటి ఏడేళ్ళు హెచ్చు రేటు, తరువాత మామూలు రేటు. ఆ లెక్క కట్టేటప్పుడు నా చేతులు ఎలా వణికాయో నాకే తెలుసు. నా అర్జీ మూడో పేరా కళ్ళముందు కదిలింది. అన్న నెమ్మదిగానే నడిపారు. జాగ్రత్తగానే నడిపారు. దుప్పిని చూసి బ్రేకు కూడా వేశారు. నా మూడో పేరాలో చెప్పిన గుణాలన్నీ ఆయనకు ఉన్నాయి. కాని అవన్నీ నడిపేవాడి గుణాలు. ఎదురు వచ్చేదాని గుణం గురించి ఆ పేరాలో ఒక్క మాట లేదు.

అడవి జంతువు నడత

ఆ తరువాత ఈ విషయం మీద కనపడ్డదల్లా చదివాను. దుప్పులు తెల్లవారుజామున, సందెవేళ ఎక్కువగా తిరుగుతాయి. మనం పుణ్యక్షేత్రాలకు బయలుదేరేది, తిరిగి వచ్చేది కూడా ఆ వేళల్లోనే. అవి మందగా తిరిగే జంతువులు. ఒకటి దాటిందంటే వెనక మరొకటి ఉన్నదని అర్థం. మా అన్నకు ఆ ఒక్క ముక్క తెలిసి ఉంటే! హెడ్‌లైటు కళ్ళలో పడితే దారి తోచక కొన్ని రోడ్డు మధ్యనే నిలబడిపోతాయి. మగ దుప్పి డెబ్బై, ఎనభై కిలోల బరువు ఉంటుంది. కణితి, మనుబోతు అయితే ఇంకా చాలా ఎక్కువ. రెండు చక్రాల బండి అంత బరువును తట్టుకోలేదు.

అమెరికాలో జింకలు వాహనాలకు అడ్డుపడే ప్రమాదాలు ఏటా పది లక్షలకు పైనే. అక్కడ మన పిల్లలు కొత్తగా కారు కొన్నప్పుడు పెద్దలు చెప్పే మొదటి జాగ్రత్తల్లో ఇది ఒకటి. అక్కడి తొమ్మిది రాష్ట్రాల్లో 2000-2002 మధ్య జంతువులు అడ్డుపడి ప్రాణాలు పోయిన 147 ప్రమాదాలను బీమా కంపెనీల పరిశోధన సంస్థ పరిశీలించింది. చనిపోయిన మోటారుసైకిలు వారిలో 65 శాతం మందికి హెల్మెట్టు లేదు. ఎక్కువమందిని చంపింది జంతువు కాదని, జంతువు తగిలిన తరువాత రోడ్డు మీద పడడమో మరో దానికి గుద్దుకోవడమో అని కూడా తేలింది. మా అన్న విషయంలో నేను కళ్ళారా చూసింది అదే. దుప్పి పడేసింది. చంపింది రోడ్డు.

ఇప్పుడు ఆ నల్లమల దారిలో అటవీశాఖ వారు మన్ననూరు దగ్గర చెక్‌పోస్టు పెట్టి రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు వాహనాలను ఆపేస్తున్నారు. అది అమ్రాబాద్ పులుల అభయారణ్యం. జంతువుల కోసం పెట్టిన ఆ ఆంక్ష మనుషులకూ మేలే చేస్తున్నది. ఆ రోడ్డు అడవిది, మనం అందులో అతిథులం. తెలంగాణ ప్రభుత్వం 2014లో రాష్ట్ర జంతువుగా జింకనే ఎంచుకున్నది. ఆంధ్రప్రదేశ్‌కు కృష్ణజింక. రెండు రాష్ట్రాలూ తమ గుర్తుగా పెట్టుకున్న ప్రాణి మీద కోపం పెట్టుకోవడం నాకు చేతకాలేదు. అది తన దారిన తాను పోయింది.

"తార్నాకలో జింకలెక్కడివి?"

మా మనవడు ఉస్మానియాలో ఎం.ఎస్.సి. చదువుతున్నాడు. మోటారుసైకిలు ఉన్నది, మంచి హెల్మెట్టు ఉన్నది. మొన్న ఆర్ట్స్ కాలేజీ ముందు నేను నడుస్తుంటే పక్క నుంచి పోయాడు. హెల్మెట్టు మోచేతికి వేలాడుతున్నది. సాయంత్రం అడిగితే, "క్యాంపస్ లోపల పోలీసులు ఉండరు తాతా" అన్నాడు. ముప్ఫై ఏళ్ళు దాటినా ఆ మాట నాకు చాంద్రాయణగుట్ట దగ్గర విన్నట్టే వినిపించింది.

అన్న కథ చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. విని, "అది నల్లమల. తార్నాకలో జింకలెక్కడివి తాతా?" అన్నాడు.

నిజమే, తార్నాకలో జింకలు లేవు. వనస్థలిపురంలో ఉన్నాయి. నిజాం వేటాడిన అడవిలో కొంత భాగాన్ని కృష్ణజింకల కోసం 1975లో మహావీర్ హరిణ వనస్థలిగా కాపాడారు, విజయవాడ రోడ్డు దాని పక్కనుంచే పోతుంది. శామీర్‌పేటలో ఉన్నాయి. గచ్చిబౌలి సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో చుక్కల దుప్పులు ఉన్నాయి. 2025లో అక్కడి కంచ గచ్చిబౌలి చెట్లు కొట్టినప్పుడు సుప్రీంకోర్టు ఆపవలసి వచ్చింది. మన ఉస్మానియా ఆవరణలో నెమళ్ళు ఉన్నాయి, గుంపులుగా కుక్కలు ఉన్నాయి. ఎన్.సి.సి. గేటు దగ్గర చీకట్లో బర్రె అడ్డం రావచ్చు. సంక్రాంతికి మెడకు మాంజా దారం తగలవచ్చు. బంతి వెనక పరుగెత్తే పసివాడు రావచ్చు. లారెన్సుకు ఎదురైంది ఇద్దరు సైకిలు కుర్రాళ్ళు. "నాయనా, దుప్పి అంటే చుక్కలూ కొమ్ములూ ఉన్నదే అనుకోకు. చెప్పకుండా అడ్డం వచ్చేది ప్రతిదీ దుప్పే" అన్నాను.

2021 సెప్టెంబరు 10 రాత్రి సినీ నటుడు సాయిధరమ్ తేజ్ దుర్గం చెరువు తీగల వంతెన ప్రాంతంలో మోటారుసైకిలు జారి పడిన సంగతి మీకు తెలుసు. అక్కడ జంతువు లేదు, రోడ్డు మీద ఇసుక ఉన్నది. చాలా రోజులు ఆసుపత్రిలో ఉండవలసి వచ్చింది. కాని తలకు హెల్మెట్టు ఉన్నది. కోలుకున్న తరువాత ఆయన సభల్లో అందరినీ హెల్మెట్టు పెట్టుకోమని కోరుతూ వస్తున్నారు.

2022లో మన దేశంలో హెల్మెట్టు లేకుండా రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవారు 50,029 మంది అని కేంద్ర ప్రభుత్వ నివేదిక చెబుతున్నది. అందులో 14,337 మంది వెనక కూర్చున్నవారు. మన ఇళ్ళల్లో వెనక కూర్చునేది ఎవరు? మన భార్యలు, కోడళ్ళు, మనవరాళ్ళు, ఇప్పుడు బ్యాంకుకు పోయేటప్పుడు మనం. హెల్మెట్టు వల్ల ప్రాణాపాయం సుమారు 42 శాతం, తల గాయాలు 69 శాతం తగ్గుతాయని అనేక దేశాల అధ్యయనాలను కలిపి చూసిన వైద్యులు తేల్చారు. వందకు వంద కాదు. కాని మన డి.ఏ. ఒక్క శాతం పెరిగినా సంతోషించే వాళ్ళం, నలభై రెండు శాతాన్ని కాదనుకుంటామా?

అందుకని ఇంట్లో పిల్లలకు నేను చెప్పేవి ఇక్కడ కూడా రాస్తున్నాను. ఐ.ఎస్. 4151 అని, ఐ.ఎస్.ఐ. గుర్తు ఉన్న హెల్మెట్టే కొనండి. 2021 జూన్ నుంచి ఆ గుర్తు లేనివి అమ్మడం చట్టవిరుద్ధం కూడా. తలకు వదులుగా ఉండకూడదు. గడ్డం కింది పట్టీ బిగించకపోతే అది మనకంటే ముందే ఎగిరిపోతుంది. నిండు చేతుల చొక్కా, బూట్లు వేసుకోండి. అడవి దారిలో సందెవేళకు ముందే దాటండి. జంతువు కనపడితే హ్యాండిలు ఒక్కసారిగా తిప్పకుండా నేరుగా పోతూ బ్రేకు వేయండి. ఒకటి దాటితే ఆగండి, రెండోది వస్తుంది.

మన పేట పేరు ఎలా వచ్చిందో పెద్దలు చెప్పేవారు. 'తార్' అంటే తీగ కంచె, 'నాకా' అంటే కాపలా ఠాణా. ఆ కంచె ఏనాడో పోయింది, పేరు మిగిలింది. నేనూ, అన్నా ఆ రోజు నాకా దాటాం కదా అని హెల్మెట్లు తీసేశాం. నాకా దగ్గర ఉండేది పోలీసు. దుప్పి ఉండేది నాకా దాటిన తరువాతే.

ఆ కార్బన్ కాపీని చింపలేదు. మూడో పేరా కింద తారీకు వేసి, "ఈ పేరా ఉపసంహరించుకుంటున్నాను" అని రాసి సంతకం చేశాను. ఆఫీసు పద్ధతి ప్రకారం ముప్ఫై ఏళ్ళు దాటిన ఆలస్యం చాలా పెద్ద ఆలస్యమే. ఆ కాగితం మనవడికి చూపించాను. వాడు ఏమీ అనలేదు. మరునాడు పొద్దున ఆర్ట్స్ కాలేజీ దగ్గర నన్ను దాటి పోయినప్పుడు హెల్మెట్టు తలమీదే ఉన్నది. పట్టీ బిగించాడో లేదో అంత దూరం నుంచి నాకు కనపడలేదు. ఇవాళ సాయంత్రం అడుగుతాను. మీరు కూడా మీ ఇళ్ళల్లో అడగండి.

సెలవు.